పోలిష్ భాషాశాస్త్ర ప్రవేశము – మన ఇంటి మాటల సాయము

భాషాశాస్త్రమనగా ఒక భాషను మాటలాడ నేర్చుట కాదు. ఆ భాష ఏ విధముగా పనిచేయుచున్నదో పరిశీలించుట. అంగడిలో బేరమాడుటకు ఎన్ని మాటలు కావలెనో అన్ని నేర్చినవాడు భాష నేర్చినవాడగును. ఆ మాటలే ఎందుకు అట్లున్నవి, ఒక ధ్వని మరియొక ధ్వనిగా ఎప్పుడు మారుచున్నది, ఒక ప్రత్యయము ఎక్కడ నుండి వచ్చినది అని అడుగువాడు భాషాశాస్త్ర విద్యార్థి. పోలండు దేశపు విశ్వవిద్యాలయములలో పోలిష్ భాషను ఈ దృష్టితో చదువుటకు ప్రత్యేకముగా ఒక విద్యాశాఖయే గలదు. వర్ణనాత్మక వ్యాకరణము, చారిత్రక వ్యాకరణము, మాండలిక శాస్త్రము, ప్రాచీన స్లావిక్ భాష అందులోని ముఖ్య పాఠ్యాంశములు.

నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో డిగ్రీ చదువుచున్న విద్యార్థికి ఈ చదువుతో ఏమి పని అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఈ చదువు ఉద్యోగమునకు దగ్గరి దారి యని మేము చెప్పబోవుట లేదు. అయితే మన విద్యార్థులలో చాలమంది ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు మాటలాడుచు, "మాకు ఏ భాషయు సరిగా రాదు" అను చిన్నతనముతో తలవంచుకొని తిరుగుచున్నారు. ఆ చిన్నతనమునకు ఆధారము లేదని పోలిష్ భాషాశాస్త్రము చూపగలదు. పోలిష్ చదువు ప్రారంభించువానికి మన పల్నాటి ఇండ్లలోని రెండు భాషలు అడ్డంకి కావు, పెట్టుబడి. అది యెట్లో వివరించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

మొదట ధ్వనులను చూతము. పోలండు పటములో ఒక పెద్ద నగరము పేరును ఇంగ్లీషు అక్షరముల ననుసరించి మనము "లోడ్జ్" అని చదువుదుము. ఆ దేశస్థులు దానిని "వూచ్" అందురు. అడ్డగీత గల ఎల్ అక్షరమునకు వకార ధ్వని, పైన గీత గల ఓ అక్షరమునకు ఉకార ధ్వని. పదాంతమందలి నాద వ్యంజనము శ్వాసముగా మారును గనుక చివర జకారము వంటిది చకారము వంటిదగును. ఒక్క ఊరి పేరులో మూడు సూత్రములు! భయపడ నక్కర లేదు. ఇంగ్లీషు వ్రాత వలె గాక పోలిష్ వ్రాత చాలవరకు నియమబద్ధమైనది. నెల దినములలో తప్పులేకుండ పైకి చదువుట అలవడును. అర్థమగుట వేరు మాట.

ఉర్దూ ఇంటి పిల్లలకు ఇక్కడ కొంత సులువు గలదు. పోలిష్‌లో సీ, హెచ్ అక్షరములు కలిపి వ్రాయు ధ్వని 'ఖబర్' అను మాటలోని ఖే వంటిదే గాని తెలుగు ఖకారము కాదు. 'జమీన్' అను మాటలోని జే ధ్వని, 'ఫసల్' అను మాటలోని ఫే ధ్వని పోలిష్‌లో నిత్యము వినబడును. 'మాఁ' అనుచో ముక్కుతో పలుకు నూన్ గున్నా వంటి అచ్చులు రెండు, అక్షరము క్రింద తోక తగిలించి వ్రాయబడును. తెలుగు కవులు అరసున్న వ్రాయుట మానిన తరువాత ఈ ధ్వనికి మనకు అక్షరమే లేకపోయినది. ఉర్దూలో మాత్రము నిలిచియున్నది. అదిగాక తెలుగు మాత్రమే ఎరిగిన నాలుక హల్లు చివర ఆగదు. బుక్ బుక్కు అగును, స్కూల్ స్కూలు అగును. పోలిష్ మాటలకును ఆ ఉకారమే తగిలింపబోవును. ఉర్దూ ఎరిగిన నాలుకకు ఆ చిక్కు లేదు.

తెలుగు చేయు సాయము ఇంకను లోతైనది. ౘలి, ౘుక్క, ౘూపు అను మాటలలోని దంత్య ౘకారమును, చీమ, చెట్టు, చెరువు అను మాటలలోని తాలవ్య చకారమును తెలుగువాడు ఆలోచింపకయే వేరు వేరుగా పలుకును. ఉర్దూలో ఈ దంత్య ౘకారము లేదు. అందువలననే మన ఉర్దూ మిత్రులు కొందరు 'ౘలి'ని 'చాచా' లోని చకారముతో పలుకగా తరగతిలో నవ్వులు పుట్టుచుండును. పోలిష్‌లో ఈ రెండును ఉన్నవి. వాటికి తోడు మూడవది కూడ నున్నది. నాలుక కొనను పండ్లకు ఆనించి 'ప్వాౘ్' అనిన 'వేతనముల' అని అర్థము. నాలుకను కొంచెము వెనుకకు లాగి కఠినముగా 'ప్వాచ్' అనిన 'ఏడ్పు' అని అర్థము. నాలుక నడుమను అంగిటికి ఎత్తి మెత్తగా ఆ మాటనే పలికిన 'చెల్లింపుము' అని ఆజ్ఞ. వేతనములు, ఏడ్పు, చెల్లింపు – మూడింటి నడుమ ఉన్నది నాలుక కదలిక మాత్రమే. మన చిన్న ఉద్యోగులకు ఈ మూడు మాటల బంధుత్వము వేరుగా చెప్ప నక్కర లేదు.

ఇక్కడనే భాషాశాస్త్రపు తొలి పాఠము ఎదురగును. తెలుగు వ్రాతలో రెండు చకారములకు ఒకే అక్షరము చాలుచుండగా పోలిష్‌లో మూడింటికి మూడు వ్రాతలు ఎందుకు కావలసివచ్చినవి? అచ్చ తెలుగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏ లతో కూడినపుడు తాలవ్యము, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ లతో కూడినపుడు దంత్యము వచ్చును. ఏది ఎక్కడ వచ్చునో పక్కనున్న అచ్చే చెప్పును గనుక ఒకదాని చోట మరియొకటి పలికినను అర్థము మారదు. పలుకు వింతగా వినబడును, అంతే. పోలిష్‌లో మారినచో ఏడ్పు జీతమగును. ధ్వని వేరు, అర్థమును వేరుచేయు ధ్వని వేరు. రెండవదానికి ఇంగ్లీషులో 'ఫోనీమ్' అనియు, మన పండితులు 'వర్ణము' అనియు పేరు పెట్టిరి. తత్సమములును, 'చాచా', 'చాకు' వంటి ఉర్దూ మాటలును తెలుగులో చేరిన తరువాత ఈ నియమము కొంత సడలినది. సడలిన చోటనే పరిశోధకులకు పని.

ఈ భావమును శాస్త్రముగా నిలబెట్టిన ఘనత ఇద్దరు పోలిష్ పండితులది. మొదటివారు యాన్ బొదుయెన్ ద కుర్తెనే (1845–1929). ఇంటిపేరు ఫ్రెంచిది, మనిషి పోలండువారు. రెండవవారు ఆయన శిష్యుడు మికొవాయ్ క్రుషెవ్‌స్కి (1851–1887). వారి పని సాగినది వార్సాలో కాదు. రష్యా దేశమున వోల్గా నది ఒడ్డున తాతారు ముస్లిములు విరివిగా నివసించు కజాన్ నగరమున. 1875 నుండి 1883 వరకు బొదుయెన్ అచటి విశ్వవిద్యాలయమున బోధించెను. ఆ నాటి పండిత బృందమునకు 'కజాన్ సంప్రదాయము' అని పేరు వచ్చినది. క్రుషెవ్‌స్కి అచట సంస్కృతము చదివి, 1881లో ప్రాచీన స్లావిక్ భాషలోని అచ్చుల మార్పులపై సిద్ధాంత గ్రంథము ప్రకటించెను. ఆ గ్రంథము శీర్షికలోనే 'గుణ' అను మాట యున్నది. మన సంధి సూత్రములలో వినబడు గుణమే అది! భారతీయ వ్యాకర్తల పరిభాష లేనిదే ఆ పోలిష్ యువకుని పుస్తకమునకు పేరు లేదు. ముప్పదియైదేండ్లకే ఆయన మరణించుట ఈ శాస్త్రమునకు తీరని లోటు.

ఇంకొక మాట. కజాన్ పండితులకు పూర్వమే, 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి దంత్య తాలవ్య చజలు సవర్ణములని చెప్పి, ఏ అచ్చుతో ఏది వచ్చునో సూత్రీకరించి యుంచెను. ఆయన ఫోనీమ్ సిద్ధాంతమును కనిపెట్టెనని మేము అనబోము. అట్టి గొప్పలు శాస్త్రమునకు మేలు చేయవు. ఆయన ఎదుట ఉన్నది ఒక భాష, ఆయనకు కావలసినది ఆ భాషా నియమము. బొదుయెన్‌కు కావలసినది అన్ని భాషలకును చెల్లు నియమము. అయినను మన విద్యార్థి ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టి, పరీక్ష కాగానే మరచిన సూత్రమే వార్సాలో మొదటి సంవత్సరపు పాఠమును అరగంటలో బోధపరచును.

ఇక బంధుత్వమును గూర్చి. పోలిష్ ఇండో-యూరోపియన్ కుటుంబములో స్లావిక్ శాఖకు చెందినది. ఉర్దూ అదే కుటుంబములో ఇండో-ఆర్యన్ శాఖకు చెందినది. తెలుగు ఆ కుటుంబముది కాదు, ద్రావిడము. అంకెలను వినుడు. ఉర్దూలో దో, తీన్, చార్, పాంచ్. పోలిష్‌లో ద్వా, త్షి, చ్తెరి, ప్యెంచ్. ఉర్దూ దస్, సౌ. పోలిష్ జెశెంచ్, స్తో. తెలుగు రెండు, మూడు, నాలుగు, ఐదు ఈ వరుసలో ఎక్కడను నిలువవు. నిప్పునకు ఉర్దూ ఆగ్, పోలిష్ ఓగ్యెన్, రెంటికిని సంస్కృత అగ్ని చుట్టము. పొగకు ఉర్దూ ధువాఁ, పోలిష్ దిమ్, సంస్కృత ధూమము. మాచర్ల వీధిలో పాన్‌పీలాలు పేర్చుకొని ఆడుచు పందెము లెక్కించు ఉర్దూ పిల్లవానికి ఐదువేల మైళ్ళలోపు దూరమున ఎన్నడును చూడని చుట్టములు కలరని దీని అర్థము. అది విని ఎవరును గర్వింప నక్కర లేదు. చుట్టరికము గొప్పతనము కాదు.

అయితే పోలిక కనబడిన ప్రతి చోట చుట్టరికము కలపరాదు. పోలిష్‌లో దోమ్ అనగా ఇల్లు. ఉర్దూలో దామ్ అనగా వెల. రెంటికిని ఏ సంబంధము లేదు. దామ్ గ్రీకుల నాణెము ద్రఖ్మ నుండి దిగివచ్చిన మాట. చెవికి వినబడు పోలిక సాక్ష్యము కాదు, నియమముగా తిరిగి తిరిగి వచ్చు అనురూపత సాక్ష్యము. సంస్కృతమున శకారమున్న చోట స్లావిక్‌లో సకారము వచ్చుట చూడుడు: శతము – స్తో, కీర్తి అను అర్థము గల శ్రవస్సు – మాట అను అర్థము గల స్వోవో. ఇట్టి వరుసలు కూర్చినప్పుడే బంధుత్వము నిలుచును. వేరు వేరు కుటుంబముల భాషలు ఒకే పని చేయుటయు కలదు. కన్నడమున 'కెడు' అనునది తెలుగున 'చెడు' అయినది. ఇ, ఎ ల ముందు కకారము చకారమగుట తెలుగు చరిత్రలో జరిగినది. స్లావిక్‌లోను అట్లే జరిగినది. పోలిష్‌లో కన్ను 'ఓకో', కన్నులు 'ఓచి'. ఇది చుట్టరికము కాదు. నోరు అందరికిని ఒకటే, నాలుక పోవు దారి ఒకటే.

వ్యాకరణమున విభక్తులు ఏడు. మన ప్రథమా ద్వితీయలు నేర్చినవారికి భావము కొత్త కాదు, రూపమే కొత్త. తెలుగున చెట్టునకు, చెట్లకు అన్నపుడు బహువచనమును తెలుపు లకారము వేరుగాను, 'కు' వేరుగాను నిలుచును; పూసలు దారమునకు గ్రుచ్చినట్లు. పోలిష్‌లో 'ఇంటికి' దొమోవి, 'ఇండ్లకు' దోమోమ్. వచనము, విభక్తి కరగి ఒక్క ముద్దయైనవి, విడదీయ వీలుకాదు. అందుచేత పట్టికలు కంఠస్థము చేయక తప్పదు. 'నాకు ఇల్లు ఉన్నది' అన్నపుడు మామ్ దోమ్. 'లేదు' అన్నపుడు ఇల్లు షష్ఠిలోనికి జారి న్యె మామ్ దోము అగును. రెండిండ్లకు ఒక రూపము, ఐదిండ్లకు షష్ఠీ బహువచనము. మదరసాలో అరబ్బీ వ్యాకరణము చదివినవారు మూడు మొదలు పది వరకు లెక్కించినపుడు నామము షష్ఠీ బహువచనమున నుండుట ఎరుగుదురు గనుక ఇచ్చట ఆశ్చర్యపడరు.

లింగ విషయమున ఒక చిత్రము గలదు. తెలుగున అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, బండి వచ్చింది. ఏకవచనమున స్త్రీని బండితో చేర్చితిమి. బహువచనమున మాత్రము స్త్రీపురుషులందరును 'వచ్చారు', బండ్లు 'వచ్చాయి'. పోలిష్‌లో ఏకవచనమున పురుషుడు, స్త్రీ, వస్తువు మూడు రూపములు పొందుదురు. బహువచనమునకు రాగానే పురుషులున్న గుంపు 'ఉండిరి' అనుటకు బిలి, స్త్రీలైనను గోవులైనను బండ్లైనను బివి. మనము ఏకవచనమున చేసిన పనిని వారు బహువచనమున చేసిరి. విద్యార్థినులు ఈ రెండు భాషలపైనను అలుగవచ్చును.

ఇంతవరకు చెప్పినది తరగతి పాఠము. మా కళాశాల వంటి చోట అంతకంటె ముఖ్యముగా తలపవలసినది బొదుయెన్ 1901లో చేసిన ప్రతిపాదన. భాషలన్నియు మిశ్రమములే, కల్తీ లేని భాష యనునది లేదు అని ఆయన వాదించెను. ఇటలీ సరిహద్దు కొండలలోని రెజియా లోయలో స్లావిక్ మాండలికములు మాటలాడు పల్లెలకు స్వయముగా పోయి, వారి నోటి మాటలు వ్రాసికొని వచ్చిన మనిషి ఆయన. గదిలో కూర్చుండి చెప్పిన మాట కాదు. ఇప్పుడు మన ఇండ్లలోని దక్కనీని వినుడు. "వస్తానని చెప్పాడు" అనుటకు మన పెద్దలు "ఆతూఁ బోల్‌కే బోల్యా" అందురు. ఢిల్లీ ఉర్దూలో ఈ 'బోల్‌కే' ఇట్లు వాడరు. ఇది మాటలు ఉర్దూవి, కట్టు తెలుగు 'అని'ది. బాతాఁ, లోగాఁ అను బహువచనములు, 'వద్దు' అనుటకు 'నక్కో' దక్కనీకి సొంతము. వీనిని 'చెడిన ఉర్దూ' యని పిల్లలను మందలించుట మేము ఎరుగుదుము. పరీక్షలో ప్రామాణిక ఉర్దూ వ్రాయవలసినదే, అందు సందేహము లేదు. కాని భాషాశాస్త్ర తరగతిలో ఆ ఒక్క 'బోల్‌కే' ఒక చిన్న సిద్ధాంత వ్యాసమునకు చాలిన సరుకు. తరతరములుగా రెండు జాతులు ఒకే బావిలో నీరు తోడుకొన్న సాక్ష్యము అందున్నది.

పోలండునను ఇట్టి సాక్ష్యములు గలవు. ఆ దేశపు ఈశాన్యమున బొహోనికి, క్రుషినియాని అను గ్రామములలో కొయ్యతో కట్టిన మసీదులు నేటికిని ఉన్నవి. అచటి తాతారు ముస్లిములు తమ పూర్వుల భాషను మరచి, పోలిష్, బెలారుస్ భాషలను అరబ్బీ లిపిలో వ్రాసికొనిరి. ఆ చేతివ్రాత పుస్తకములను 'కితాబు' అనియే పిలుతురు. టే, డాల్, అడే అక్షరములను ఉర్దూవారు అరబ్బీ లిపికి చుక్కలో గుర్తులో చేర్చి కల్పించుకొన్నట్లే, స్లావిక్ ౘకార, ౙకారములకై వారు అక్షరములకు చుక్కలు చేర్చుకొనిరి. తొరూన్ నగరపు విశ్వవిద్యాలయమున ఈ కితాబులపై విశేష పరిశోధన జరిగినది. ఉర్దూ లిపి చదువగలిగి, పోలిష్ వ్యాకరణము నేర్చిన విద్యార్థి ప్రపంచమున ఎందరుందురు? వార్సాలో పుట్టిన విద్యార్థికి ఏండ్లు పట్టు లిపి మన పిల్లలకు ఎనిమిదవ ఏటనే వచ్చియున్నది.

ఆ దేశమునకు భాష ప్రాణ సమస్య యగుటకు కారణము గలదు. 1795 నుండి 1918 వరకు, 123 సంవత్సరములు, పోలండు రాజ్యము పటములో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకొనినవి. 1901లో ప్రష్యా పాలనలోని వ్జెష్న్యా పట్టణమున మతపాఠమును జర్మనులో చెప్పుటకు నిరాకరించిన బడిపిల్లలను బెత్తములతో కొట్టిరి. అట్టి బాధ పడిన జాతి స్వతంత్రమైన పిదప తన అల్పసంఖ్యాకుల భాషలను గౌరవింపవలెనని బొదుయెన్ పట్టుబట్టెను. అంతకు పూర్వము, 1913లో రష్యాలోని అల్పసంఖ్యాక జాతుల హక్కులపై చిన్న పుస్తకము వ్రాసినందులకు ఆయన చెరసాలకు పోయెను. 1922లో పోలండు తొలి అధ్యక్ష పదవికి జాతీయ అల్పసంఖ్యాకుల కూటమి ఆయన పేరును ప్రతిపాదించెను. ఎన్నికైనది గాబ్రియెల్ నారుతోవిచ్. అల్పసంఖ్యాకుల ఓట్లతో గెలిచెనను ద్వేషమున కొందరు ఆయనపై విషము చిమ్మిరి. పదవి స్వీకరించిన కొలది దినములలోనే ఆయన హత్యకు గురియయ్యెను. వర్ణమునకు నిర్వచనము చెప్పిన పండితుని జీవితములో ఇదియు ఒక అధ్యాయమే.

చదువ గోరువారికి కొన్ని సూచనలు. ఢిల్లీ విశ్వవిద్యాలయపు స్లావిక్, ఫిన్నో-ఉగ్రిక్ భాషల శాఖలో పోలిష్ బోధింపబడుచున్నది. పోలండునకే పోవువారికి తొలి ఏడు భాష నేర్పు ఏర్పాట్లు గలవు. పైన చెప్పిన వూచ్ నగరమున విదేశీయులకై 1952లోనే అట్టి పాఠశాల నెలకొనినది. క్రాకో నగరపు యాగిఎలోనియన్ విశ్వవిద్యాలయము 1364 నాటిది. అంత దూరము పోకమునుపు సాధారణ భాషాశాస్త్రము ఇచ్చటనే చదువుట మేలు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖకు 1962లో తొలి ఆచార్యులైన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఒంగోలున పుట్టినవారు, మన పొరుగువారే. రైతుల నోటి మాటలు ఊరూర సేకరించి ఆయన సంపాదకత్వమున వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశమును మన గ్రంథాలయమునకు తెప్పింపవలెనని కార్యవర్గమునకు మనవి. దానితోపాటు బాలవ్యాకరణము, ఒక మంచి దక్కనీ వ్యాకరణము ఉన్న చాలును. పోలిష్ పుస్తకములు తరువాత చూచుకొనవచ్చును.

ఈ వేసవి సెలవులలో చేయదగిన పని యొకటి గలదు. నాలుగణాల నోటుపుస్తకము వంటిది ఏదైనను సరే, ఎడమ పుటలో అమ్మమ్మ లేక నానీ పలుకు ౘకారపు మాటలు, కుడి పుటలో చకారపు మాటలు, ప్రక్కన ఏ అచ్చు వచ్చినదో వ్రాసికొనుడు. మాచర్ల వైపు పలుకు, నరసరావుపేట వైపు పలుకు వేరుగా నున్నచో ఊరి పేరు కూడ గుర్తింపుడు. నియమమునకు లొంగని మాటలను కొట్టివేయక చివరి పుటలో ఉంచుడు. కళాశాల తెరచిన పిదప మొదట చదువవలసినది ఆ చివరి పుటయే.